మామూలు పెట్రోల్ ఇంజన్‌కి టర్బో పెట్టించాలనుకుంటే ప్లాన్ ఎలా వేసుకోవాలి?

టర్బో అంటే ఇంజన్ పొగ వేగంతో తిరిగి, ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నొక్కి పంపే పంపు. తిరుపతిలో టర్బో మోజు ఉన్న కుర్రాళ్లు మొదట అడిగేది ఏ టర్బో కొనాలనే. అది చివర్లో తేల్చుకోవచ్చు. ముందు అన్ని సిలిండర్లకీ కంప్రెషన్ టెస్ట్ చేయించండి, అంటే ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి పట్టి ఉంచుతోందో చూడటం. ఒక్కదాంట్లో తేడా ఉన్నా, బండి ఆయిల్ తాగుతున్నా, ముందు ఇంజన్ పని చూసుకోండి.

సామాన్లు పెద్ద విషయం కాదు: చిన్న టర్బో, దాన్ని ఇంజన్‌కి బిగించే పొగ గొట్టం (మానిఫోల్డ్), పెద్ద ఇంజెక్టర్లు, గట్టి పెట్రోల్ పంపు, ట్యూన్ చేసుకోగలిగే ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), గాలి-పెట్రోల్ పాళ్లు కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్. టర్బో పంపే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ లేకుండా మన ఎండల్లో టర్బో పెట్టకూడదు, అంతే. టర్బో నుంచి ఆయిల్ తిరిగొచ్చే పైపు లావుగా ఉండాలి, ఎక్కడా పైకి లేవకుండా కిందికే దిగాలి, ఎందుకంటే ఆ ఆయిల్ దానంతటది జారాల్సిందే.

అందరూ దెబ్బతినేది బూస్ట్ దగ్గర, అంటే టర్బో గాలిని నొక్కి పంపే అదనపు ఒత్తిడి దగ్గర. టర్బో లేని ఇంజన్లలో కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందనే లెక్క, సాధారణంగా 10:1, ఆ పైన కూడా ఉంటుంది. టర్బో గాలిని నొక్కి వేడెక్కించి పంపిస్తుంది, పిస్టన్ దాన్ని మళ్లీ నొక్కుతుంది, దాంతో స్పార్క్ మంట చేరకముందే మిగిలిన పెట్రోల్ తనంతట తానే భగ్గుమంటుంది. అదే నాకింగ్. డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు చప్పుడొస్తుంది గానీ, పాటలు పెట్టుకుని నడిపేవాళ్లకు అది వినిపించేసరికి పిస్టన్ రింగుల దగ్గర పగులు వచ్చేసి ఉండొచ్చు.

అందుకే లోపలి భాగాలు మార్చకుండా 0.3 నుంచి 0.4 బార్ దాటొద్దు, అంటే సుమారు 4 నుంచి 6 పీఎస్‌ఐ (రెండూ ఒత్తిడి కొలతలే). బూస్ట్‌లో ఉన్నప్పుడు గాలి-పెట్రోల్ మిశ్రమం లాంబ్డా 0.8 దగ్గర ఉండాలి (లాంబ్డా 1 అంటే పెట్రోల్ అంతా కాలడానికి సరిపడా గాలి, 1 కంటే తక్కువంటే పెట్రోల్ ఎక్కువ). ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్లు గాలి అనే పాత లెక్క పట్టుకోకుండా లాంబ్డానే చూడండి. బూస్ట్ పెరిగే కొద్దీ స్పార్క్ టైమింగ్ వెనక్కి రావాలి, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా పడాలి. సెన్సర్‌ను మభ్యపెట్టే చిన్న పెట్టెలతో, కంప్రెషన్ తగ్గడానికి ఇంజన్ హెడ్ కింద పెట్టే మందపాటి గాస్కెట్‌తో కానిచ్చేద్దామనే మెకానిక్‌లున్నారు, నేనైతే ఒప్పుకోను. కంప్రెషన్ తగ్గించాలంటే పిస్టన్లే మార్చాలి.

ట్యూనింగ్ డైనో (బండిని నిలబెట్టి చక్రాలు రోలర్ల మీద తిప్పి బలం కొలిచే మిషన్) మీదే చేయించండి, చెన్నై దాకా పోవాల్సొచ్చినా సరే. రేణిగుంట రోడ్డు మీద రెండు నిమిషాలు బాగా లాగిన బండి, అలిపిరి నుంచి కొండెక్కేటప్పుడు ఆగకుండా పడే లోడ్‌కి ఉడికిపోతుంది. భక్తుల బస్సులు తిరిగే ఘాట్ రోడ్డు మీద టెస్టింగ్ మాత్రం వద్దు.

పార్టులు కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడగండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది.