కూబర్ పీడీకి కారులో వెళ్లాలంటే ఎలా?

దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి పోర్ట్ అగస్టా దాకా వెళ్లి, అక్కడ మొదలయ్యే స్టువర్ట్ హైవే పట్టుకుని ఉత్తరానికి మొత్తం దాదాపు 850 కిలోమీటర్లు వెళ్తే కూబర్ పీడీ వస్తుంది. 1915లో బంగారం వెతుక్కుంటూ వచ్చిన బృందంలోని విలీ హచిసన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి ఇక్కడ ఓపల్ అనే రంగులు మెరిసే రత్నపు రాయి దొరికింది. అప్పటి నుంచి ఇది ఓపల్ గనుల ఊరు. ఎడారి మధ్యలోని పెద్ద ఎర్రరాతి కొండ ఉలూరుకు వెళ్లేవాళ్లు చాలామంది ఇక్కడ పెట్రోల్ కొట్టించుకుని, ఒక సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. పైన కనిపించేవి దుమ్ము, రేకుల షెడ్లు, తుప్పు పట్టిన యంత్రాలే. అసలు ఊరు నేల కింద ఉంది. అందుకే రెండు రాత్రులు ఉండేలా ప్లాన్ చేసుకోండి.

ముందు కాలం చూసుకోండి

ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా బాగుంటుంది. క్రిస్మస్ సెలవులు కలిసొచ్చాయి కదా అని మాత్రం బయల్దేరకండి. అక్కడ అప్పుడే నడి వేసవి, ఎండ 40 డిగ్రీలు సులువుగా దాటుతుంది. రోహిణి కార్తెలో రెంటచింతల చూసినవాళ్లకు అది కొత్త కాకపోవచ్చు గానీ, ఇక్కడ నిలబడదామంటే చెట్టు నీడ కూడా ఉండదు. జూన్, జులైలలో రాత్రిళ్లు చలి గట్టిగానే ఉంటుంది, స్వెటర్లు పెట్టుకోండి. ఈగలు ముసురుతాయి కాబట్టి టోపీ మీద వేసుకునే వల కొనుక్కుంటే డబ్బు దండగ కాదు.

దారిని రెండు రోజులకు పంచుకోండి

మొదటి రోజు పోర్ట్ అగస్టాలో ఆగండి. అక్కడి నుంచి ఇంకా 540 కిలోమీటర్లు ఉంటుంది. సుమారు 170 కిలోమీటర్లకు పింబా, మరో 110కి గ్లెన్‌డాంబో వస్తాయి. అది దాటితే 250 కిలోమీటర్ల పాటు పెట్రోల్ బంకు లేదు. ట్యాంకు సగం ఉన్నా సరే, బంకు కనిపించిన చోటల్లా నింపించండి. రోడ్‌హౌస్‌లు (పెట్రోల్, తిండి దొరికే దారి మజిలీలు) ఏ వేళల్లో తెరిచి ఉంటాయో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఊళ్లు దాటగానే సిగ్నల్ పోతుంది, మ్యాపులు ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోవాలి. మనిషికి రోజుకు కనీసం 5 లీటర్ల చొప్పున నీళ్లు, గాలి సరిగ్గా ఉన్న స్టెప్నీ ఉండాలి. కారు ఆగిపోతే దాన్ని వదిలి నడుచుకుంటూ వెళ్లకండి. వెతికేవాళ్లకు మనిషి కన్నా కారు తొందరగా కనిపిస్తుంది.

చీకటి పడ్డాక నడపడం వద్దు. సాయంత్రం, తెల్లవారుజామున కంగారూలు ఉన్నట్టుండి రోడ్డు మీదికి దూకుతాయి. వెనక వరసగా ట్రెయిలర్లు తగిలించుకుని 50 మీటర్లు దాటే రోడ్ ట్రెయిన్ లారీలను ఓవర్‌టేక్ చేయాలంటే ఎదర చాలా దూరం ఖాళీగా ఉండాలి. తొందరపడకండి, అవి కూడా ఎక్కడో ఒకచోట ఆగుతాయి. దారిలో కొంత భాగం వూమెరా సైనిక నిషేధిత ప్రాంతంలోంచి పోతుంది కాబట్టి హైవే దిగి లోపలికి తిరగకూడదు.

మెల్‌బోర్న్, సిడ్నీల నుంచి వచ్చేవాళ్లు పళ్లు, టమాటాలు రాష్ట్ర సరిహద్దు దాటకముందే తినేయాలి. పండు ఈగ భయంతో వాటిని రాష్ట్రంలోకి రానివ్వరు, దొరికితే జరిమానా. పులిహోర కలుపుకెళ్తే ఏ టెన్షనూ ఉండదు.

గది నేల కిందే తీసుకోండి

బయట ఎంత ఎండ కాసినా, ఎంత చలి పెట్టినా ఇసుకరాయిలో తొలిచిన గదుల్లో 23, 24 డిగ్రీల దగ్గరే ఉంటుంది. గోడల మీద తవ్వే యంత్రం పళ్లు గీసిన గీతలు గుండ్రంగా, వరుసగా కనిపిస్తాయి. కిటికీలు ఉండవు, గాలికి పైకప్పు లోంచి గొట్టం ఉంటుంది. లైటు ఆపితే సొంత చెయ్యి కూడా కనిపించదు, పక్కన టార్చి పెట్టుకోండి. మూసిన గదులంటే భయం ఉన్నవాళ్లు ముందు నేల కిందే ఉన్న ఉమూనా గని మ్యూజియం, సెర్బియన్ చర్చి లాంటివి చూసి, తర్వాత గది సంగతి తేల్చుకోవడం మంచిది.

నడిచేటప్పుడు కాళ్ల ముందు చూడండి

ఊరి చుట్టూ మూతల్లేని గని గుంతలు లెక్కలేనన్ని ఉన్నాయి. వెనక్కి నడవొద్దని బోర్డులు పెట్టింది ఊరికే కాదు. ఫొటో కోసం ఒక అడుగు వెనక్కి వేస్తే పడేది బావి లాంటి గుంతలో. పిల్లల చెయ్యి వదలకండి.

ఓపల్ ఏరుకోవాలనుంటే జ్యూయలర్స్ షాప్ రోడ్ దగ్గర అందరికీ వదిలిన స్థలం ఉంది. తవ్విపోసిన మట్టిలో చేత్తో వెతుక్కోవచ్చు. రాయిని నీళ్లతో తడిపి ఎండలో అటూ ఇటూ తిప్పండి. రంగు మెరిస్తే ఓపల్, పాలిపోయినట్టు ఉంటే విలువ లేని రాయి. ఇతరుల గని హద్దుల్లో అనుమతి లేకుండా ఏరడం నేరం.

ఊరికి ఉత్తరాన 30 కిలోమీటర్ల దూరంలో కంకు-బ్రేకవేస్ కొండలున్నాయి. పాస్ ముందే కొనుక్కోవాలి. రంగులు సాయంత్రం బాగా తేలతాయి గానీ, చీకటి పడకముందే తిరిగి రావాలంటే కాస్త ముందుగా వెళ్లాలి. లోపల మట్టి రోడ్డు, వాన పడితే మూసేస్తారు. అద్దె కారైతే మట్టి రోడ్ల మీద ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో కాగితాల్లో చదవండి. డింగోల (ఆస్ట్రేలియా అడవి కుక్కల) నుంచి గొర్రెలను కాపాడేందుకు వేసిన 5,000 కిలోమీటర్లకు పైబడిన కంచె కూడా ఆ పక్కనే కనిపిస్తుంది.

కొనేటప్పుడు

మొదటి కొట్లోనే కొనేయకండి, నాలుగు తిరగండి. ఓపల్స్‌లో మూడు రకాలు అమ్ముతారు. మొత్తం ఒకే రాయి అయితే సాలిడ్. నల్లని అడుగుకు పలచటి ఓపల్ పొర అతికిస్తే డబ్లెట్, దాని మీద గాజో స్ఫటికమో కప్పితే ట్రిప్లెట్. రాయిని పక్కనుంచి చూడండి, అంచు పొడవునా తిన్నని గీత కనిపిస్తే అది అతికించినదే. ఉంగరంలో బిగించేశాక ఆ అంచు కనపడదు కాబట్టి విడి రాయి చూపించమనండి, ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి. డబ్లెట్, ట్రిప్లెట్ చవగ్గా వస్తాయి, తప్పేం లేదు. కాకపోతే అతుకులోకి నీరు దిగితే మసకబారతాయి, అంట్లు తోమేటప్పుడు తీసి పక్కన పెట్టాలి.