మార్కులు వస్తున్నాయి, చదవడం రావడం లేదు: హెచ్‌ఎం (హెడ్‌మాస్టర్) ఎక్కడ వెతకాలి?

సమస్య: బడిలో మధ్యమధ్య పెట్టే ఎఫ్‌ఏ పరీక్షల మార్కులు బాగున్నాయి. నోట్సులు దిద్ది ఉన్నాయి. మాస్టార్లు సెలవులు పెట్టడం లేదు. అయినా ఐదో తరగతి పిల్లాడు న్యూస్‌పేపర్లో రెండు వాక్యాలు చదవలేకపోతున్నాడు.

ముందు ఇది చేయండి: చివరి వరసలోని పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని, పుస్తకంలో లేని ఐదు వాక్యాలు చదివించండి. రెండు నిమిషాల పని. శ్రీకాకుళం జిల్లాలో నేను చూసిన బడుల్లో చాలామంది హెచ్‌ఎంలు ఇది వదిలేసి రిజిస్టర్లు తిరగేస్తారు. చూస్తే బాధేస్తుంది.

కారణం: చాలాసార్లు, అందరూ కలిసి ఒకేసారి చెప్పడం. "అర్థమైందా?" అంటే తరగతంతా "అయిందండీ" అంటుంది. ముందు బెంచీవాళ్ళు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు చివరి అక్షరం అందుకుంటారు. హెచ్‌ఎం అయిన కొత్తలో నేనూ దీన్ని నమ్మేశాను. మూడో తరగతి పాప పాఠం గడగడా చదివింది. పుస్తకం మూసేశాను, పాప ఆగలేదు. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడిగితే చెప్పలేకపోయింది. అంతకు ముందు నెలలోనే ఆ తరగతి బాగుందని రాసి సంతకం పెట్టాను.

లెక్కల్లోనూ ఇంతే. 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాస్తారు, ఏడులోంచి రెండు తీసేసి. ఎర్ర ఇంకుతో తప్పు కొడితే సరిపోదు, ఎలా చేశావో చెప్పమనాలి.

పరిష్కారం: తరగతి చూడటానికి వెళ్తే మాస్టారిని కాదు, పిల్లల పలకలు చూడండి. రోజుకు ముగ్గురిని చదివించి అక్షరం, పదం, వాక్యం, కథ... ఎక్కడ ఆగారో రాసుకోండి. మూడు నుంచి ఐదు తరగతుల వాళ్ళను రోజూ ఒక పీరియడ్ ఆ స్థాయిల ప్రకారం కూర్చోబెట్టండి. ప్రశ్న అడిగి, కాస్త ఆగి, ఆ తర్వాతే పేరు పిలవమని టీచర్లకు చెప్పండి. చూసింది ఆ రోజే, టీచర్ ఒంటరిగా ఉన్నప్పుడు, ఒక్క విషయమే మాట్లాడండి. స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ అంటే, మీరు వచ్చినప్పుడల్లా ముందే ప్రాక్టీసు చేయించిన పాఠమే చూపిస్తారు.

వేరే కారణాలూ ఉండొచ్చు. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు మొదట్లో మౌనంగా ఉంటారు, వాళ్ళ భాషలోనే చెప్పనివ్వండి. వలసల వల్ల వచ్చే గైర్హాజరు హాజరుపట్టీలోనే కనిపిస్తుంది. చూపు, వినికిడి లోపం ఉందని అనుమానం ఉంటే ఆసుపత్రిలో చూపించేయండి.

ఆరు వారాల తర్వాత మళ్ళీ చదివించండి. పాత పేరా మాత్రం ఇవ్వకండి, ఈపాటికి అదీ కంఠతా వచ్చేసి ఉంటుంది.