అమెరికాలో నేల, నీటి సంరక్షణకు రాయితీ: ‘ఈక్విప్’ దరఖాస్తు విధానం

అమెరికాలో పంటలు పండించే రైతులకూ, రాంచ్‌లలో పశువులను మేపుకునేవారికీ నేల కోతను అరికట్టడానికి, వాగుల నీరు చెడకుండా చూడటానికి, పలచబడిన పచ్చికను మళ్లీ నిలబెట్టడానికి అక్కడి సమాఖ్య ప్రభుత్వం ఇచ్చే సాయాల్లో ముఖ్యమైనది ‘ఎన్విరాన్‌మెంటల్ క్వాలిటీ ఇన్సెంటివ్స్ ప్రోగ్రామ్’, వాడుకలో ‘ఈక్విప్’. 1996 వ్యవసాయ చట్టంతో వచ్చిన ఈ పథకాన్ని అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ)కు చెందిన సహజ వనరుల సంరక్షణ విభాగం (ఎన్‌ఆర్‌సీఎస్) నడుపుతోంది.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. ఒప్పందంపై ఇరువైపులా సంతకాలు పూర్తికాకముందే పని మొదలుపెడితే, ముందుగా రాతపూర్వక మినహాయింపు పొంది ఉంటే తప్ప, ఆ పనికి రాయితీ రాదు. కాబట్టి దరఖాస్తు ఇచ్చాం కదా అని కంచెకు గుంటలు తవ్వించడం గానీ, బోరు వేయించడం గానీ చేయకూడదు.

దరఖాస్తుదారు మొదట తన కౌంటీకి సేవలందించే యూఎస్‌డీఏ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలి. గుర్తింపు పత్రం, సోషల్ సెక్యూరిటీ సంఖ్య లేదా సంస్థ పన్ను సంఖ్య, భూమి దస్తావేజు లేదా కౌలు ఒప్పందం వెంట తీసుకెళ్లాలి. అదే శాఖకు చెందిన ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీలో పొలం నమోదై దానికి సంఖ్య వచ్చాకే మిగతా పని ముందుకు సాగుతుంది. సీపీఏ-1200 అనే పత్రమే అసలు దరఖాస్తు. కోతకు గురయ్యే భూములు, చిత్తడి నేలల నిబంధనలు పాటిస్తామని ఏడీ-1026 పత్రంలోనూ, ఆదాయ పరిమితికి లోబడి ఉన్నామని సీసీసీ-941 పత్రంలోనూ ధ్రువీకరించాలి. మూడేళ్ల సగటు సవరించిన స్థూల ఆదాయం (పన్ను లెక్కల్లో కొన్ని మినహాయింపులు తీశాక మిగిలే మొత్తం ఆదాయం) 9 లక్షల డాలర్లు దాటితే సాధారణంగా అర్హత ఉండదు. ఉద్యోగ జీతమూ ఈ లెక్కలోకి వస్తుంది కనుక, టెక్సాస్ వంటి చోట్ల ఉద్యోగం చేస్తూనే పొలం కొనుక్కున్న తెలుగువారు దీన్ని ముందే చూసుకోవాలి. కౌలుదారులు కూడా అర్హులే. అయితే ఒప్పందకాలమంతా భూమి తమ ఆధీనంలో ఉంటుందని చూపాలి, శాశ్వత నిర్మాణాలకు యజమాని రాతపూర్వక సమ్మతి తేవాలి.

ఆ తర్వాత సంరక్షణ నిపుణుడు పొలానికి వచ్చి చూస్తాడు. నా దృష్టిలో దరఖాస్తుకు ప్రాణం ఈ పరిశీలనే. ‘నాకు కంచె కావాలి’ అని అడగడం కన్నా, ‘పశువులు వాగులో దిగి గట్లు తొక్కేస్తున్నాయి, నీటికి దగ్గరున్న గడ్డి మొదళ్ల దాకా పోయింది, దూరంగా ఉన్నది ముట్టకుండా ముదిరిపోతోంది’ అని సమస్యను చూపించడం మేలు. అప్పుడు ఆ నిపుణుడు వాగు వెంట కంచె, పైప్‌లైన్, నీటి తొట్టె, మేత భూమిని భాగాలుగా చేసి మార్చి మార్చి మేపే పద్ధతి, ఇవన్నీ కలిపి ఒకే ప్రణాళికగా రాయగలుగుతాడు. ఏ సమస్య ఎంత తీవ్రం, ప్రతిపాదించిన పనులతో అది ఎంత తీరుతుంది అన్నదాన్ని బట్టే దరఖాస్తుకు మార్కులు పడతాయి.

దరఖాస్తులు ఏడాది పొడవునా తీసుకుంటారు. అయితే ప్రతి రాష్ట్రం ఎంపికకు గడువు తేదీలు ప్రకటిస్తుంది. అవి దాటితే తర్వాతి విడతకు ఆగాలి. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది కాబట్టి వేసవిలోనే కార్యాలయంతో మాట్లాడి ఉంచుకోవడం మంచిది.

ఎంపికైతే గరిష్ఠంగా పదేళ్ల ఒప్పందం కుదురుతుంది. పని నిర్ణీత ప్రమాణాల ప్రకారం పూర్తయిందని అధికారులు ధ్రువీకరించాకే, ముందే ఖరారైన రేటు ప్రకారం డబ్బు ఇస్తారు. అది అంచనా ఖర్చులో 75 శాతానికి మించదు. వ్యవసాయంలోకి వచ్చి పదేళ్లు దాటనివారికి, తక్కువ వనరులున్న రైతులకు, మాజీ సైనికులైన రైతులకు ఇది 90 శాతం దాకా ఉండవచ్చు. వీరు సామగ్రి కోసం, పని కోసం కొంత సొమ్ము ముందుగానే కోరవచ్చు; ఆ సొమ్మును 90 రోజుల్లో ఖర్చు చేయాలి. మిగతావారు పెట్టుబడి ముందు తామే సమకూర్చుకోవాలి.

చేసిన పనిని దాని నిర్ణీత ఆయుష్షు ముగిసేదాకా కాపాడుకోవాలి. కంచెకు అది 20 ఏళ్లు. మధ్యలో ఒప్పందం తప్పితే తీసుకున్న సొమ్ము తిరిగి కట్టవలసి రావచ్చు. ఈ చెల్లింపులను పన్ను లెక్కల్లోనూ చూపాలి.

ఈ ఏడాది ఎంపిక కాకపోతే, దరఖాస్తును తర్వాతి సంవత్సరానికి పరిగణించమని కోరి, ఆదాయ, అర్హత పత్రాలను కొత్త సంవత్సరానికి సరిచేసి ఇవ్వాలి.