చలికాలం ఇల్లు: ముందు తడి, తర్వాత గాలి, ఆఖరున వేడి

పల్లెల్లో ఇళ్ల మరమ్మతులకు తిరుగుతుంటాను. చలికాలంలో ఏ గడప తొక్కినా వినిపించేది ఒకటే మాట: "ఎంత మంట వేసినా ఇల్లు వేడెక్కట్లేదు." నేను పొయ్యి జోలికి పోను. ముందు గోడకు అరచెయ్యి ఆనిస్తాను. తడి గోడ వేడిని నిలవనివ్వదు.

చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో తేలకుండా రంగు డబ్బా కొనకండి. చెమ్మ ఉన్నచోట గోడ తుడిచి, అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగంచులా టేపుతో అతికించి 2 రోజులు వదిలేయండి. గది వైపు నీటిబొట్లు పడితే ఆ తడి ఇంట్లోదే: వంట ఆవిరి, లోపల ఆరేసిన బట్టలు, మన ఊపిరి. గోడ వైపు పడితే తడి గోడలోంచే వస్తోంది.

మొదటిదైతే పెద్ద ఖర్చేం లేదు. గిన్నెల మీద మూతలు పెట్టండి, బట్టలు బయట ఆరేయండి, రోజూ ఎదురెదురు కిటికీలు ఓ 10 నిమిషాలు బార్లా తెరవండి. చలికి భయపడి ఎవరూ తెరవరు గానీ, ఆ కాసేపట్లో గాలి మారుతుందే తప్ప గోడలు చల్లబడిపోవు. బీరువాను గోడకు నాలుగు వేళ్ల ఎడంగా జరపండి. నల్ల బూజు దాని వెనకే పుడుతుంది.

రెండోదైతే బయటికి వెళ్లి చూడాలి. చూరు నీళ్లు గోడ మొదట్లోనే పడుతున్నాయా? నేల గోడ వైపు వాలి ఉందా? గోడకు ఆనించిన మట్టి, కట్టెలు తీసేసి, నేల బయటికి వాలేలా చెయ్యండి. మొదటి మీటరులో 5 సెంటీమీటర్ల వాలు వచ్చేలా చూడండి. పాత మట్టి గోడలకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తే సరిపోతుందనే మేస్త్రీల మాట నేను ఒప్పుకోను. సిమెంటు తడిని లోపలే బంధిస్తుంది, సున్నం ఆరనిస్తుంది.

ఇక గాలి. ఈదురుగాలి వీచే రోజున అగరుబత్తి వెలిగించి తలుపు చట్రం, కిటికీ అంచులు, గోడా పైకప్పూ కలిసేచోటు వెంట తిప్పండి. పొగ వంకరపోయిన చోట సందు ఉన్నట్టే. తలుపు కింద గోనెసంచి దోపి ఊరుకుంటారు చాలామంది. వేడిగాలి పోయేది పైనుంచి, కాబట్టి పై సందులు ముందు మూయండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం మొదలైతే అందరూ వెంటనే బయటికి వచ్చేయాలి. పొయ్యి ఉన్న గదిలో గాలి రంధ్రం ఎప్పుడూ మూయకండి.

వెంట్రుకంత పగుళ్లకు టెన్షన్ అక్కర్లేదు. మెట్లు మెట్లుగా పాకే పగులుకైతే రెండు చివర్లా పెన్సిల్ గీత గీసి తేదీ రాయండి. గీత దాటినా, 5 మిల్లీమీటర్లు మించి వెడల్పైనా ఇంజనీరుకు చూపించండి. నాలాంటివాళ్లు పైన సిమెంటు మెత్తితే అది కనబడకుండా పోతుందంతే.

గడ్డకట్టే చలి ఉన్నచోట పైపులకు గుడ్డ చుట్టి, అది తడవకుండా పైన పాలిథిన్ కట్టండి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, పైపు చీలుతుంది. అప్పటికే గడ్డకట్టి ఉంటే కొళాయి తెరిచి ఉంచి, వేడినీళ్లలో ముంచిన గుడ్డతో కొళాయి దగ్గర మొదలుపెట్టి వెనక్కి కరిగించుకుంటూ వెళ్లండి. మంట మాత్రం చూపించకండి.