ఐడియా ఉంది, హైదరాబాద్‌లో ఎవరి తలుపు తట్టాలి?

అందరూ చేసే పొరపాటు ఒకటే, ఐడియా రాగానే స్టార్టప్‌లకు తోడ్పడే రాష్ట్ర ప్రభుత్వ కేంద్రం టీ-హబ్‌కి పరుగెత్తడం. ఆగండి. ముందు మీ చేతిలో ఏముందో చూసుకోండి.

కాగితం మీద బొమ్మ మాత్రమే ఉందా? వస్తువు తయారుచేసేదైతే రాయదుర్గంలోని టీ-వర్క్స్‌ చూడండి. 2023 మార్చిలో మొదలైంది, దాదాపు 78 వేల చదరపు అడుగుల్లో త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటింగ్, సర్క్యూట్ బోర్డుల పని, అన్నీ ఒకే చోట ఉంటాయి కాబట్టి ఒక్క నమూనా కోసం ఊరంతా తిరిగే బాధ తప్పుతుంది. మందులు, బయోటెక్ అయితే శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో ఉన్న ఐకేపీ నాలెడ్జ్ పార్క్. సొంతంగా ల్యాబ్ కట్టుకోవాలంటే ఆస్తులమ్ముకోవాలి, అక్కడ అద్దెకు తీసుకోవడమే మేలు. మహిళలు నడిపే సంస్థలకు తోడ్పడేందుకు వీ-హబ్ ఉంది.

డబ్బు సంగతి. నమూనా దశకు కేంద్రం ఇచ్చే నిధి-ప్రయాస్ కింద 10 లక్షల దాకా, బయోటెక్‌కు కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంటు కింద 50 లక్షల దాకా వస్తాయి. రెండూ గ్రాంట్లే, అంటే అప్పు కాదు, కంపెనీలో వాటా అడగరు. అప్లికేషన్‌లో గొప్పలు కాదు, ఏ నెలలో ఏం చేస్తారు, ఏ పరికరానికి ఎంత అన్నది రాయండి.

ఇంకోటి, నలుగురి ముందూ స్లైడ్లు వేసి చూపించే ముందే ప్రొవిజనల్ పేటెంట్ (తొలి, తాత్కాలిక దరఖాస్తు) వేసేయండి, పూర్తి దరఖాస్తుకు 12 నెలల టైమ్ ఉంటుంది. నేను ఉత్సాహంలో ముందే అంతా చెప్పేసి తర్వాత తల పట్టుకున్నాను.