ఫొటో జర్నలిస్ట్ కావాలంటే ఇంటర్ తర్వాత ఏ డిగ్రీ చదవాలి?

న్యూస్ ఫొటోగ్రాఫర్‌గా పని చేయాలంటే ఫలానా డిగ్రీ ఉండి తీరాలనే చట్టం మన దేశంలో లేదు. పేరుమోసిన ఫొటో జర్నలిస్ట్ రఘు రాయ్ చదివింది సివిల్ ఇంజినీరింగ్. రోహింగ్యా శరణార్థుల ఫొటోలకు 2018లో పులిట్జర్ జర్నలిజం అవార్డు అందుకున్న రాయిటర్స్ వార్తా సంస్థ బృందంలోని దానిష్ సిద్దిఖీ డిగ్రీలో ఎకనామిక్స్ చదివి, ఆ తర్వాత ఢిల్లీలోని జామియా మిలియా యూనివర్సిటీలో మాస్ కమ్యూనికేషన్ చేశారు. వీళ్లకు చాలా ముందు, నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ కూడా రూర్కీలో ఇంజినీరింగ్ చదివినవారే.

అలాగని డిగ్రీ దండగ అనుకోవద్దు. కెమెరా వాడకం కొన్ని నెలలు గట్టిగా కూర్చుంటే వచ్చేస్తుంది, యూట్యూబ్‌లో తెలుగులోనే బోలెడు పాఠాలున్నాయి. కళ్లెదుట జరుగుతున్నదేమిటో, ఎందుకు జరుగుతోందో అర్థం కావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లు తీరిగ్గా దొరికేది డిగ్రీలోనే. అందుకే కోర్సు ఎంచుకునే ముందు నేను అడగమనే ప్రశ్న ఒక్కటే: ఇది చదివితే నాకు ఏ విషయం మీద పట్టు వస్తుంది?

1. ముందు ఏ రకం పని కావాలో తేల్చుకోండి

ఫొటో జర్నలిజం అంటే ఒకటే ఉద్యోగం కాదు. దినపత్రికలో జిల్లా ఎడిషన్‌కు పని చేసే ఫొటోగ్రాఫర్ పొద్దున కలెక్టరేట్ దగ్గర ధర్నా, మధ్యాహ్నం యాక్సిడెంట్, సాయంత్రం మంత్రి పర్యటన కవర్ చేసి డెస్క్ అడిగిన టైమ్‌కల్లా ఫొటోలు పంపాలి. పత్రికలన్నిటికీ వార్తలు పంపే పీటీఐ, రాయిటర్స్ లాంటి ఏజెన్సీకి అయితే క్యాప్షన్ ఇంగ్లిష్‌లో, తప్పు లేకుండా, నిమిషాల్లో రాయాలి. డాక్యుమెంటరీ ఫొటోగ్రాఫర్ ఒకే ఊరి మీద, ఒకే సమస్య మీద నెలల తరబడి పని చేస్తారు. వరంగల్‌కు చెందిన భరత్ భూషణ్ తెలంగాణ పల్లె బతుకును, బతుకమ్మను జీవితమంతా తీస్తూ పోయారు. క్రీడల ఫొటోగ్రఫీ మళ్లీ వేరే లోకం. వీటిలో మీ మనసు ఎటు లాగుతోందో ఇప్పుడే కచ్చితంగా తెలియకపోయినా పర్లేదు గానీ, రోజూ పరుగులు పెట్టే పనా, నిదానంగా లోతుకు వెళ్లే పనా అన్నది మాత్రం ఆలోచించుకోండి. చదువు దాన్ని బట్టే మారుతుంది.

2. ఉన్న దారులు చూడండి

ఒకటి, నేరుగా ఫొటోగ్రఫీ డిగ్రీ. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్‌లో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) ఉంది. ఇంటర్ తర్వాత ఎంట్రన్స్ రాసి చేరాలి. లైటింగ్, కంపోజిషన్, కలర్ మీద గట్టి పునాది పడుతుంది. ఇలాంటి కోర్సుల్లో యాడ్స్, ఫ్యాషన్, ప్రొడక్ట్ ఫొటోగ్రఫీకి కూడా చోటుంటుంది కాబట్టి, వార్తల వైపు వెళ్లాలనుకునేవాళ్లు రాయడం, సమాజాన్ని చదవడం సొంతంగా చేసుకోవాలి.

రెండోది జర్నలిజం లేదా మాస్ కమ్యూనికేషన్‌తో బీఏ. హైదరాబాద్‌లో లయోలా అకాడమీ, సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కాలేజీ లాంటి చోట్ల ఉంది. తెలంగాణలో చాలా కాలేజీల డిగ్రీ సీట్లు దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్ల పద్ధతి ద్వారానే భర్తీ అవుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఒకే మేజర్ (ప్రధాన) సబ్జెక్టు పద్ధతి వచ్చింది; ఇప్పుడు ఏ పద్ధతి ఉందో కనుక్కుని, మేజర్ ఏది పెట్టుకుంటున్నారో జాగ్రత్తగా చూసుకోండి.

మూడోది, నాకు బాగా నచ్చిన దారి: ఎకనామిక్స్, హిస్టరీ, పొలిటికల్ సైన్స్, సోషియాలజీ, కాదంటే అగ్రికల్చర్ లాంటి ఏదో ఒక సబ్జెక్టులో డిగ్రీ చేసి, ఆ తర్వాత ఫొటోగ్రఫీలోనో జర్నలిజంలోనో పీజీ చేయడం. జామియాలోని ఏజేకే మాస్ కమ్యూనికేషన్ రీసెర్చ్ సెంటర్‌లో స్టిల్ ఫొటోగ్రఫీకి ప్రత్యేకంగా ఏడాది పీజీ డిప్లొమా ఉంది. గాంధీనగర్‌లో ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎండిజైన్ అనే పీజీ నడుపుతోంది. చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో ఏ డిగ్రీ చదివినవాళ్లయినా ఏడాది పీజీ డిప్లొమాకు అప్లై చేయవచ్చు. మన దగ్గర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో ఎంఏ కమ్యూనికేషన్ ఉంది. దేశం దాటాలనుకుంటే, అమెరికాలోని మిస్సోరీ జర్నలిజం స్కూల్ 1908 నుంచి నడుస్తోంది. మనకు దగ్గరలో ఢాకాలో షాహిదుల్ ఆలం 1998లో మొదలుపెట్టిన పాఠశాల అనే సంస్థకు దక్షిణాసియాలో ఎంతో పేరుంది.

మూడో దారి ఎందుకు నచ్చిందో ఒక ఉదాహరణతో చెప్తాను. ప్రతి ఏడాదీ అకాల వర్షాలు పడగానే పేపర్ల నిండా తడిసిన ధాన్యం ఫొటోలు వస్తాయి: రోడ్డు మీద రాశి, పక్కన తల పట్టుకున్న రైతు. ఆ ఫొటో ఎవరైనా తీయగలరు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ధాన్యం తీసుకోరని తెలిసిన ఫొటోగ్రాఫర్ కళ్లు నేరుగా తేమ కొలిచే మిషన్ మీదకు పోతాయి, దాని అంకెలోకి తొంగి చూస్తున్న రైతు ముఖం మీదకు పోతాయి. గోనె సంచులు రాకపోతే కాంటా ఆగిపోతుందని, కాంటా అయినా లారీ రాకపోతే బస్తాలు అక్కడే తడుస్తాయని, మిల్లు దగ్గర తరుగు పేరుతో మళ్లీ కోత పడుతుందని తెలిస్తే ఒక్క ఫొటో కాదు, మొత్తం కథ దొరుకుతుంది. ఎపర్చర్ (లెన్స్ ఎంత తెరవాలన్న సెట్టింగ్) ఎంత పెట్టాలో నేర్పేవాళ్లు ఇది నేర్పరు. ఇది ఎకనామిక్స్ క్లాసులో, పేపర్ చదవడంలో, పొలం గట్ల మీద వస్తుంది. రైతు కుటుంబం నుంచి వచ్చిన పిల్లలకైతే సగం ముందే తెలిసి ఉంటుంది, దాన్ని తక్కువగా చూసుకోకండి.

3. సిలబస్ తెరిచి చదవండి

కాలేజీ బ్రోచర్‌లో ఫొటోలు చూసి చేరిపోవద్దు. వెబ్‌సైట్ నుంచి సిలబస్ డౌన్‌లోడ్ చేసి మూడు విషయాలు వెతకండి.

మీడియా చట్టాల పేపర్ ఉందా? లైంగిక దాడికి గురైన పిల్లల గుర్తింపు తెలిసేలా ఫొటో వేయడం పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం నేరం. ముఖం బ్లర్ చేసి ఇల్లు, స్కూల్ యూనిఫాం చూపించినా తెలిసిపోతుంది, అదీ తప్పే. ఫీల్డ్‌లో ఆ క్షణంలో పుస్తకం తీసి చూసుకునే టైమ్ ఉండదు కాబట్టి ముందే ఒంటబట్టి ఉండాలి. కాపీరైట్ కూడా అంతే. పత్రిక ఉద్యోగిగా తీసిన ఫొటోకు, వేరే ఒప్పందమేదీ లేకపోతే, పత్రికల్లో ప్రచురించే హక్కు యాజమాన్యానిది, మిగతా హక్కులు ఫొటోగ్రాఫర్‌వి. ఇది తెలియక ఏది పడితే దాని మీద సంతకం పెట్టేసేవాళ్లు చాలామంది.

ఎథిక్స్ ఉందా? 2015 వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరి రౌండ్‌కు ముందు దశ దాకా వచ్చిన ఎంట్రీల్లో 20 శాతాన్ని, ఎడిటింగ్‌లో హద్దు దాటారని పక్కన పెట్టేశారు. అంత దూరం వచ్చినవాళ్లకే ఆ గతి పట్టింది.

మూడోది, రాయడం. ఫొటో జర్నలిజంలో సగం పని రాతే.

4. కాలేజీకి వెళ్లి చూడండి, సీనియర్లతో మాట్లాడండి

ల్యాబ్‌లో కెమెరాలు ఎన్ని ఉన్నాయో అడగడం కన్నా వాటిని ఇంటికి ఇస్తారా, శని ఆదివారాలు దొరుకుతాయా అని అడగండి. అద్దాల బీరువాలో తాళం వేసి ఉంచే కెమెరాలు ఎన్ని ఉన్నా ఒకటే. పాఠం చెప్పేవాళ్లలో ఫీల్డ్‌లో పని చేసినవాళ్లున్నారా, ఇంటర్న్‌షిప్‌కు కాలేజీ ఏ పత్రికకు పంపిస్తుంది, పోయిన ఏడాది ఫైనలియర్ వాళ్లు ఇప్పుడెక్కడ పని చేస్తున్నారు అన్నవి ఆఫీసులో కాదు, క్యాంటీన్‌లో సీనియర్లను అడగండి. నిజం అక్కడే తెలుస్తుంది. కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉందో లేదో మాత్రం మీరే స్వయంగా చూసుకోండి, రేపు పీజీకి, ప్రభుత్వ ఉద్యోగానికి అది కావాలి.

5. డబ్బు లెక్క ఇంట్లో ఓపెన్‌గా మాట్లాడండి

జిల్లాల్లో చాలామంది ఫొటోగ్రాఫర్లు స్ట్రింగర్లుగా, అంటే పర్మినెంట్ ఉద్యోగం లేకుండా పత్రికలకు పని చేస్తూ, పెళ్లిళ్లు తీసి ఇల్లు నడుపుకొస్తున్నారు. ఈ సంగతి అమ్మానాన్నలకు దాచకుండా చెప్పండి, వాళ్ల భయంలో అర్థముంది. లక్షల అప్పు చేసి ప్రైవేటు ఫొటోగ్రఫీ కోర్సులో చేరడం నేను అస్సలు సలహా ఇవ్వను. తక్కువ ఫీజున్న ప్రభుత్వ కాలేజీలో మంచి సబ్జెక్టు తీసుకుని, మిగిలిన డబ్బులో ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా, 35 లేదా 50 ఎంఎం లెన్స్ ఒకటి కొనుక్కుని, బస్సు చార్జీలకు కొంత ఉంచుకుంటే అదే మేలు. మధ్యలో వీడియో, డ్రోన్, డిజైన్ ఏదో ఒకటి నేర్చుకోండి. ఇప్పుడు పత్రికలు ఫొటో ఒక్కటే తీసేవాళ్ల కంటే వీడియో కూడా పంపగలిగినవాళ్లనే అడుగుతున్నాయి.

6. చదువుతున్నన్నాళ్లూ క్యాప్షన్‌తో సహా తీయండి

"మిర్చి యార్డులో రైతుల ఆవేదన". ఇది క్యాప్షన్ కాదు, ఎక్కడైనా అతికించుకోదగ్గ ముక్క. ఎవరు, ఏ ఊరు, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చారు, క్వింటాలుకు ఎంత ధర చెప్పారు, ఏ రోజు తీసిన ఫొటో, ఇవన్నీ రెండు మూడు వాక్యాల్లో పట్టాలి. దానికోసం ఆయన పక్కన కూర్చుని మాట్లాడాలి, పేరు స్పెల్లింగ్‌తో సహా నోట్ చేసుకోవాలి. మీ ఊళ్లోనో, కాలేజీ దగ్గరో ఒక చోటును పట్టుకుని సెమిస్టర్ పొడవునా వెళ్లండి: చేపల రేవు, మగ్గాల వాడ, బస్టాండు, ఏదైనా సరే. గ్రామీణ భారతం మీద 2014 నుంచి నడుస్తున్న పరి (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) వెబ్‌సైట్‌లో తెలుగులోనూ కథనాలుంటాయి, విద్యార్థుల పని కూడా వేస్తారు. ఫొటోకు, మాటకు పొత్తు ఎలా కుదుర్చుతారో అక్కడ చూడండి.

7. అప్లై చేసేటప్పుడు

ఎంట్రన్స్ నోటిఫికేషన్లు, చివరి తేదీలు ఒక్కో యూనివర్సిటీవి ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఇంటర్ సెకండియర్ మధ్యలోనే వెబ్‌సైట్లు చూడడం మొదలుపెట్టండి, పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకుంటే కొన్ని దాటిపోతాయి. పోర్ట్‌ఫోలియో అడిగే చోట నలభై ఫొటోలు గుప్పించకుండా పది, పన్నెండు పెట్టండి, అందులో కనీసం అయిదారు ఒకే విషయం మీద ఉండాలి. సూర్యాస్తమయాలు, పువ్వులు, స్నేహితుల పోర్ట్రెయిట్లు తీసేయండి. ఫోన్‌లో తీసినవైనా ఇబ్బంది లేదు, కానీ ఫిల్టర్ వేయని ఒరిజినల్ ఫైళ్లు జాగ్రత్తగా దాచుకోండి, ఇంటర్వ్యూలో అడిగితే అవే చూపించాలి.