జామాయిల్ చెట్ల కింది శిలీంధ్రంతో దసలి పట్టుకు రంగు వేసే విధానం

శిలీంధ్రాల రంగును దర్రీల నూలుకు వాడవచ్చునా అని వరంగల్ కొత్తవాడలో నేతపని చేసే ఒక మిత్రుడు అడిగినప్పుడు, వాడవచ్చును గానీ నిలవదని చెప్పవలసి వచ్చింది. ఈ పద్ధతిలో వాడే రంగు పదార్థాలకు ఆమ్ల స్వభావం ఉంటుంది. పట్టులోనూ ఉన్నిలోనూ ఉండే ప్రోటీన్ వాటిని గట్టిగా పట్టి ఉంచుతుంది, సెల్యులోజ్‌తో ఏర్పడిన పత్తి దారానికి ఆ శక్తి లేదు. కరక్కాయ కషాయంలో నానబెట్టి పటిక పట్టించిన నూలు కొంత రంగు తీసుకున్నా, నాలుగు ఉతుకులకే వెలిసిపోవడం నేను చూశాను. కాబట్టి ఇక్కడ చెప్పేది మహాదేవపూర్, చెన్నూరు ప్రాంతాల దసలి (టసర్) పట్టు దారానికి సరిపోయే పద్ధతి. తెల్ల ఉన్నికీ ఇదే వర్తిస్తుంది. నల్ల గొంగడి ఉన్ని మీద ఏ రంగు వేసినా కనబడదు.

మనకు కావలసిన శిలీంధ్రం పేరు పిసోలిథస్. ఇది జామాయిల్ వేళ్లతో కలిసి బతుకుతుంది. నేలలోని పోషకాలను చెట్టుకు అందించి, చెట్టు నుంచి చక్కెరలు తీసుకుంటుంది. వానలు తగ్గుముఖం పట్టిన తరువాత జామాయిల్ తోటల్లో, ముఖ్యంగా గడ్డి పెరగని గట్టి మొరం నేల మీద వెతకాలి. దూరం నుంచి చూస్తే ఎండిన పెండ ముద్ద అనుకొని దాటిపోతాము, నేనూ మొదటి ఏడాది అలాగే దాటిపోయాను. అనుమానం తీరాలంటే ఇంకా పండని ముద్దను నిలువుగా కోయాలి: నల్లటి జిగురులో కంది గింజలంత పసుపు, గోధుమ రంగు గుళికలు వరుసలు వరుసలుగా కనబడతాయి, కోసేటప్పుడు చేతివేళ్లకు మరక అంటుకుంటుంది. ముద్ద పండేకొద్దీ ఈ గుళికలు పై నుంచి కిందికి పొడిగా మారిపోతాయి. ఎండు కట్టెల మీద కనబడే పైక్నోపోరస్ అనే ఎర్రటి శిలీంధ్రాన్ని చూసి ఆశపడవద్దు. దాని రంగు కంటికి ఇంపుగా ఉన్నా నీటిలో అంతగా కరగదు. ఒకచోట ఉన్న ముద్దలన్నీ ఏరుకోకుండా సగమైనా వదిలిపెడితే మరుసటి ఏటికి విత్తనం మిగులుతుంది.

ఏరిన ముద్దలను నీడలో ఎండబెట్టి, ముక్కుకు మాస్కు కట్టుకొని పొడి చేయాలి. ఈ పొడి అతి సన్నగా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి ఉబ్బసం ఉన్నవారు ఈ పని ఇతరులకు అప్పగించడం మంచిది. పొడిని నేరుగా నీటిలో వేస్తే తడవకుండా నూనెలా పైనే తేలుతుంది. పలుచని గుడ్డలో మూట కట్టి, నీటిలో రెండు చుక్కలు సబ్బు ద్రవం కలిపి, మూటను చేతితో పిసికితే లోపలి వరకు తడుస్తుంది.

కొలత 100 గ్రాముల దారానికి చెబుతాను. జిగురు తీసిన చిలపలను (దారపు చుట్టలను) తక్కువ గాఢత గల సబ్బు నీటిలో కడిగి, 10 నుంచి 12 గ్రాముల పటిక కరిగించిన వేడి నీటిలో ముంచి, మూడు పావుల గంట ఉంచి, అలాగే చల్లారనివ్వాలి. ఈలోగా 50 నుంచి 100 గ్రాముల పొడిని మూట కట్టి, మరో స్టీలు గంజులో గంటసేపు సన్నటి మంట మీద కాగబెట్టి మూట తీసివేయాలి. రంగు నీరు గోరువెచ్చగా అయిన తరువాతే తడి చిలపలను అందులో దింపి, మెల్లగా వేడి పెంచుతూ 80 డిగ్రీల వద్ద మూడు పావుల గంట నిలపాలి. థర్మామీటరు లేకపోతే గంజు అడుగున చిన్న బుడగలు పుడుతూ పైకి మాత్రం తెర్లకుండా ఉండే స్థితిని గుర్తుపెట్టుకోవచ్చు. నీరు తెర్లిందంటే పట్టు మెరుపు పోతుంది. రాత్రంతా అదే నీటిలో వదిలి, పొద్దున తీసి పిండకుండా నీడన ఆరవేయాలి.

దసలికి తనదైన తేనె రంగు ఉంటుంది కనుక దీని మీద ముదురు తేనె రంగు నుంచి చాక్లెట్ ఛాయ వరకు వస్తుంది. ఇంకా ముదురు కావాలంటే చివరి పది నిమిషాలు 2 గ్రాముల అన్నభేది (ఇనుము లవణం) కరిగించిన నీటిలో ముంచితే దాదాపు నల్లబడుతుంది. అంతకు మించి వేస్తే దారం పెళుసుబారుతుంది. నా మొదటి చిలప అన్నభేది వేయకుండానే మసిబారినట్టు తేలింది, తప్పు మా బోరు నీటిలోని ఇనుముది. అప్పటి నుంచి డాబా మీద పట్టిన వాన నీటినే వాడుతున్నాను. ఇనుప పాత్ర కూడా అందుకే పనికిరాదు.

ఒకసారి ఈ పనికి వాడిన గంజును వంటింట్లోకి తేకూడదు. ఈ మాట చెప్పినప్పుడల్లా, జిలేబీకి కూడా శిలీంధ్రాల రంగు వాడతారట కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. పత్తి కాయలను పాడుచేసే రోగకారకంగా మొదట గుర్తించిన ఆష్బియా గాసిపియై అనే శిలీంధ్రం నుంచి నేడు పసుపుపచ్చని రైబోఫ్లేవిన్‌ను, బ్లేక్‌స్లియా ట్రిస్పోరా అనే మరో శిలీంధ్రం నుంచి బీటా కెరోటిన్‌ను కర్మాగారాల్లో తీస్తున్నారు. చైనాలో అన్నం మీద మొనాస్కస్ అనే బూజును పెంచి ఎర్ర రంగు తీయడం చాలా పాత పద్ధతి. అయితే ఆ బూజు మూత్రపిండాలకు హాని చేసే సిట్రినిన్‌ను కూడా తయారు చేయగలదు, దాన్ని కొలిచే సాధనం ఇంట్లో ఉండదు. కాబట్టి ఇంట్లో పెంచిన ఏ బూజు రంగునూ తినే పదార్థంలో కలపవద్దు.

తయారైన దారంలో ఒక జానెడు ముక్కను అట్ట మీద చుట్టి, సగం నల్ల కాగితంతో కప్పి, రెండు వారాలు ఎండ తగిలే కిటికీలో పెట్టిన తరువాత రెండు సగాలూ పక్కపక్కన పోల్చి చూసే వరకు ఎవరికీ అమ్మవద్దు. మిగిలిన రంగు నీటిలో మరో చిలపను ముంచితే లేత ఛాయ వస్తుంది. రెండింటినీ నిలువు, పేక దారాలుగా కలిపి నేస్తే గుడ్డ మీద చక్కగా తేడా తెలుస్తుంది.